కుడివైపు గొంతు

అద్దాలమ్మ రోజంతా అడిగేది ఒకటే ప్రశ్న. షాపు వెనకాల చీకటి గదిలో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము ఆనించి, ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, "ఇది బాగుందా, ఇదా?" అంటుంది. మొదట్లో అందరూ టకటకా చెప్పేస్తారు. కాసేపటికి తడబడతారు. "మొదటిది ఇంకోసారి చూపించండి" అంటారు. ఆఖరికి "ఏమోనండీ, రెండూ ఒకలాగే ఉన్నాయి, మీకేది తోస్తే అది వేసెయ్యండి" అని చేతులెత్తేస్తారు. ఆమె ఎవరినీ విసుక్కునేది కాదు. కానీ ఆ తడబాటు తన చెవుల్లోకి దూరితే ఎలా ఉంటుందో అరవై దాటేదాకా ఆమెకూ తెలియలేదు.

దానికంతటికీ కారణం ఆమె అన్నయ్య, అతని స్నేహితుడు దరువు.

దరువు అసలు పేరు వేరే. కుర్రతనంలో కనిపించిన ప్రతి బల్ల మీదా, ప్రతి తలుపు మీదా వేళ్లతో వాయిస్తూ ఉండేవాడు గనక ఈ పేరు స్థిరపడింది. అన్నయ్యా, అతనూ, మరో ఇద్దరూ కలిసి అప్పట్లో ఒక రాక్ బ్యాండ్ పెట్టారు. మిగతా ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ బ్యాండ్ చేసింది ఒకే ఒక్క రికార్డు. చిన్న సైజుది, అటొక పాట, ఇటొక పాట. వెనకవైపు పాట దరువు కట్టింది. దాన్నెవరూ పట్టించుకోలేదు. ముందువైపు పాట అన్నయ్య రాసి పాడిన 'వానొచ్చినా రాను'. అది మాత్రం ఊరంతా మోగిపోయింది. ఇంట్లోంచి అలిగి వెళ్లిపోయిన కుర్రాడొకడు గుమ్మం బయట నిలబడి, ఎంత పిలిచినా లోపలికి రానని మొండికేసే పాట అది. ఆ వయసులో ఉన్న ప్రతివాడూ అది తన గురించే అనుకున్నాడు. ఏడాది తిరక్కుండా బ్యాండ్ విడిపోయింది. అన్నయ్య రంగుల షాపు పెట్టుకున్నాడు. దరువు లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. ఇప్పుడిద్దరూ పనులు మానేశారు గనక పోట్లాడుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది.

పాత రాక్ రికార్డులను వెతికి మళ్లీ అచ్చువేసే చిన్న కంపెనీ ఒకటి వాళ్లను పట్టుకుంది. పాట మళ్లీ వేస్తాం, మోనో వెయ్యాలో స్టీరియో వెయ్యాలో మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి అన్నారు కంపెనీవాళ్లు. 'మీరిద్దరూ మాట్లాడుకుని' అన్న చోటే వచ్చింది చిక్కు.

మోనో అంటే గొంతూ వాయిద్యాలూ అన్నీ కలిసి ఒకే దారిన వచ్చే పాట. స్టీరియో అంటే రెండు దారులు, ఎడమ నుంచి కొన్ని, కుడి నుంచి కొన్ని. పాట పుట్టిన రోజుల్లో ఏ ఇంట్లో చూసినా ఒకే స్పీకరు ఉండే పెట్టె. అందుకే బ్యాండ్ అంతా స్టూడియోలో కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బుర్రలు బద్దలు కొట్టుకుని చేసింది మోనోనే. స్టీరియో వాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోయాక స్టూడియోలో ఉన్న మనిషి ఒక్కడే చేసి పడేశాడు. కొన్ని కాపీలే వచ్చాయి. వాటిలో ఒకటి దరువు కొనుక్కున్నాడు.

"మోనో వెయ్యాల్సిందే. అదే పాట. స్టీరియోలో అసలు నేనే లేను!" అన్నాడు అన్నయ్య.

"ఉన్నావు. నిక్షేపంగా ఉన్నావు. నా డ్రమ్ములు కూడా విడిగా వినపడుతున్నాయని నీకు కుళ్లు" అన్నాడు దరువు.

రెండూ వెయ్యకూడదా అంటే, వెయ్యొచ్చు. ఒకవైపు మోనో, రెండోవైపు స్టీరియో. అప్పుడు దరువు కట్టిన పాటకు చోటుండదు. "పోతే పోనీ, దాన్నెవడు విన్నాడు?" అని అన్నయ్య అనడంతో దరువు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. రెండు నెలలు ఎడమొహం పెడమొహంగా గడిచాయి. చివరికి ఇద్దరూ విడివిడిగా అద్దాలమ్మకు ఫోన్ చేసి ఒకే మాట అన్నారు. నువ్వు విని తేల్చు, నువ్వేదంటే అదే.

"నాకేం తెలుసు అన్నయ్యా పాటల గురించి?"

"అందుకే నువ్వు. నీకిందులో లాభం లేదు, నష్టం లేదు. మధ్యలో ఉన్నదానివి" అన్నాడు అన్నయ్య.

వాళ్లిద్దరూ మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆ రికార్డింగు నాడు పదిహేనేళ్ల అద్దాలమ్మ కూడా స్టూడియోలో ఉంది. బ్యాండ్‌లో అందరూ ఆమెను పిచ్చుక అనేవారు, గొంతు సన్నమని. ఒక చరణంలో వెనక నుంచి ఒక ఆడగొంతు కావాలని అన్నయ్యే తీసుకెళ్లాడు. ఆమె పాడింది కూడా. తీరా రికార్డు ఇంటికొచ్చి అందరూ చుట్టూ మూగి వింటే అందులో ఆమె గొంతు లేదు. ఎవరినీ అడగలేదు. అమ్మ మాత్రం జడ వేస్తూ "శ్రుతి తప్పి ఉంటావులే, పోనీ" అంది. అమ్మ ఏదో ఓదార్పుగా అన్న మాట అది. కానీ ఆ పిల్ల దాన్ని నిజమనుకుని లోపల దాచుకుంది. తర్వాత ఎక్కడా నోరు విప్పి పాడలేదు. తన పిల్లలకు జోలపాట కూడా పాడలేదు, కథలు చెప్పి నిద్రపుచ్చింది.

కంపెనీవాళ్లు రెండు పాటలూ ఆమె ఫోనుకు పంపారు. ఆదివారం పొద్దున కాఫీ తాగి, కొడుకు కొనిపెట్టిన హెడ్‌ఫోన్లు తగిలించుకుని హాల్లో కూర్చుంది.

ముందు మోనో విన్నది. పాట తల మధ్యలో ఎక్కడో పుట్టినట్టుంది. డ్రమ్ములు, గిటారు, అన్నయ్య గొంతు, అన్నీ కిక్కిరిసిన బస్సులో మనుషుల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఆ తోపులాటలో అన్నయ్య గొంతు మోచేత్తో దారి చేసుకుని ముందుకొచ్చింది. బాగుంది. ఎప్పుడూ విన్న పాటే.

తర్వాత స్టీరియో పెట్టింది. డ్రమ్ములన్నీ ఎడమ చెవిలోకి పోయాయి. అన్నయ్య ఒక్కడూ కుడి చెవిలో నిలబడి పాడుతున్నాడు. గది మధ్యలో గోడ కట్టి, అటొకరినీ ఇటొకరినీ కూర్చోబెట్టినట్టుంది. ఇప్పటి వాళ్లిద్దరి వాలకం అచ్చం ఇలాగే ఉందని నవ్వుకుంది. రెండో చరణం వచ్చింది. "వానొచ్చినా రాను" అన్నాడు అన్నయ్య. ఆ వెంటనే, కుడివైపునే, సన్నటి గొంతొకటి "వానొస్తే వస్తాను" అంది.

అద్దాలమ్మ చటుక్కున హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఏమండీ, మీరేమైనా పాడారా?"

బస్సు నడిపి రిటైరైన ఆమె భర్త వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. "నేనా? నేను పాడితే నువ్వింకా ఆ కుర్చీలో ఉంటావా?"

మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఆ గొంతు మళ్లీ వచ్చింది. పొరపాటున రెండు పాటలు కలిసి మోగుతున్నాయేమోనని ఫోను చూసింది. లేదు. హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకుంది. గొంతు ఎడమవైపుకు వచ్చింది. తిన్నగా పెట్టుకుంది. కుడివైపుకు పోయింది. మోనో పెట్టి అదే చోట వింది. అక్కడేమీ లేదు. ఒక్క అన్నయ్య, వెనకాల గిటారు. రెండో మనిషి విన్నా ధైర్యమేనని ఇంట్లో ఉన్న స్పీకర్లకు పాటను కలిపి గట్టిగా పెట్టింది.

"వింటున్నారా? ఇప్పుడొస్తుంది చూడండి, ఒక ఆడపిల్ల గొంతు!"

"ఆడపిల్ల సంగతి దేవుడెరుగు, మీ అన్నయ్య గొంతే లేదు. దరువు ఒక్కడే బాదుతున్నాడు!" అని వంటింట్లోంచి కేక.

"అదేంటి, ఇప్పుడే కదా వచ్చింది! వినపడలేదూ?"

"ఏది?"

తనకు మాత్రమే వినపడే గొంతులు వయసు మీద పడ్డాక కొందరికి మొదలవుతాయని ఎక్కడో చదివిన ముక్క గుర్తొచ్చి, పాటను మళ్లీ మొదట్నుంచి పెట్టింది. పాట మూడుసార్లు మోగాక గానీ అసలు సంగతి తట్టలేదు. వార్తలు వినడానికని భర్త ఎప్పుడో ఎడమ స్పీకరును తీసుకెళ్లి వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టుకున్నాడు. కుడి స్పీకరు మాత్రం హాల్లో కిటికీ పక్కనే ఉంది. అంటే ఒకే పాటలో సగం ఆయన వింటున్నాడు, సగం ఆమె వింటోంది.

చెయ్యి పట్టుకుని ఆయన్ను హాల్లోకి లాక్కొచ్చి, కిటికీ పక్కన నిలబెట్టింది. ఆయన చెవి రిక్కించాడు.

"ఆఁ, ఉందోయ్. ఎవరో పిల్ల. ఎవరూ?"

"నేనేమోనని..."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వా? నువ్వు పాడతావా?"

"పోల్చుకోండి మరి. ముప్ఫై ఏళ్ల పైగా కాపురం చేశారు."

"కాపురం చేశాను గానీ, నువ్వు పాడగా నేనెప్పుడు విన్నాను?" అన్నాడాయన మెల్లగా, చేతిలో కత్తి అలాగే పట్టుకుని.

ఆయన లోపలికి వెళ్లాక గది తలుపేసుకుని, ఫోనులో తన గొంతు రికార్డు చేసుకుంది. "వానొస్తే వస్తాను." వింటే ఎవరో పెద్దావిడ గొంతు, గరగరమంటూ. ఆ సన్నటి గొంతుకూ దీనికీ పోలికే లేదు. అది తనేనా? తను కావాలనుకుంటోంది గనక తనలా వినపడుతోందా? ఆమెకేమీ పాలుపోలేదు.

మర్నాడు షాపు కాస్త ముందే కట్టేసి అన్నయ్య ఇంటికి వెళ్లింది. వదిన లేదు, కూతురింటికి వెళ్లింది. అన్నయ్య ఒక్కడే టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. సౌండు మెట్ల దాకా వినపడుతోంది.

"తేల్చావా?" అన్నాడు ఆత్రంగా.

"ముందిది విను." హెడ్‌ఫోన్లు అతని తలకు పెట్టి స్టీరియో వేసింది.

అన్నయ్య కళ్లు మూసుకుని వింటూ, కాసేపటికి చెయ్యి ఊపాడు. "చూశావా? నేను చెప్పలేదూ? డబడబా డ్రమ్ములు తప్ప ఏముంది ఇందులో? నేనెక్కడున్నాను?"

"కుడి చెవిలో ఉన్నావన్నయ్యా."

"ఎక్కడా?" కుడివైపు గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "ఏమీ లేదు. నిశ్శబ్దం."

అద్దాలమ్మ అతన్ని కొత్తగా చూసింది. అన్నయ్య ఫోను ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటాడు. భోజనాల దగ్గర ఎప్పుడూ బల్లకు కుడి చివర, గోడ తన కుడిపక్కకు వచ్చేలా కూర్చుంటాడు, ఆ కుర్చీలో ఇంకెవరైనా కూర్చుంటే లేపేదాకా ఊరుకోడు. అదంతా అతని పెత్తనం అనుకునేవాళ్లు ఇంట్లో. ఆమె ఇంకేమీ అనకుండా హెడ్‌ఫోన్లు తీసి, కుడి ఎడమలు తిప్పి మళ్లీ పెట్టింది.

అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. వెనక్కి వాలినవాడల్లా నిటారుగా లేచి కూర్చున్నాడు. తన గొంతు తనకే దొరికినట్టు అతని పెదాలు పాటతో పాటు కదలడం మొదలుపెట్టాయి. రెండో చరణం దగ్గర ఆ పెదాలు ఆగిపోయాయి.

"ఎవరది?" అన్నాడు.

"నేనే. అనుకుంటా."

"నువ్వు కాదు. కీబోర్డు వాడు. వాడు సరదాకి ఆడగొంతు పెట్టేవాడు, నీకు గుర్తులేదూ?"

"మరి మాట వేరేలా ఉంది విను. నువ్వు రానంటున్నావు. ఆ గొంతు వస్తానంటోంది."

అన్నయ్య మళ్లీ పెట్టుకుని విన్నాడు. తల గోక్కున్నాడు. "అది పాత మాట. ముందు నేను 'వానొస్తే వస్తాను' అనే రాశా. కుర్రాడు చివరికి ఇంట్లోకి వెళ్లిపోతాడన్నమాట. రికార్డింగు పొద్దున టిఫిన్ తింటూ మార్చేశా, మరీ మెత్తగా ఉందని. బ్యాండ్‌లో అందరికీ చెప్పా."

"నాకు చెప్పలేదు."

"చెప్పే ఉంటాను."

"చెప్తే పాత మాట ఎందుకు పాడతానన్నయ్యా?"

మారిన మాట తెలియని మనిషి ఆ స్టూడియోలో ఒక్కతే ఉంది. అంటే ఆ గొంతు ఆమెదే. అందులో ఇక సందేహం లేదు.

"అయితే అందుకే తీసేసుంటాం మోనోలో. మాట తప్పు కదా. శ్రుతి మాత్రం సూటిగా ఉంది, విను" అన్నాడు అన్నయ్య.

శ్రుతి సూటిగా ఉంది. ఆ మాట ఎవరైనా అంటారని ఆమె ఎన్నాళ్లు ఎదురుచూసిందో ఆమెకే తెలియదు. తీరా విన్నాక ఏం చెయ్యాలో తోచలేదు. సంతోషించాలా, లేక ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా అని అన్నయ్య మీద విరుచుకుపడాలా? రెండూ ఒకేసారి వచ్చాయి. అందుకని మూడోదానికి దిగింది.

"చెవి ఎన్నాళ్లయింది ఇలా?"

"ఏ చెవి?"

"కుడి చెవి. వినపడట్లేదు నీకు."

"నాకేం? బ్రహ్మాండంగా వినపడుతోంది. ఆ దరువుగాడు డ్రమ్ములు బాది బాది... అయినా నువ్వు కళ్ల డాక్టరమ్మవి, చెవుల జోలికెందుకొస్తావు?" అని మొహం మాడ్చుకున్నాడు. అయినా హెడ్‌ఫోన్లు మాత్రం తీయలేదు.

దరువును పిలవక తప్పలేదు. రెండు నెలల తర్వాత ఆ గడప తొక్కుతున్నాడు గనక బింకంగా, ఒళ్లంతా బిగబట్టుకుని వచ్చాడు. అన్నయ్య పలకరించలేదు. అతనూ పలకరించలేదు. హెడ్‌ఫోన్లు పెడితే విని, ఇందులో వింతేముందన్నట్టు ఇద్దర్నీ చూశాడు.

"రెండో చరణంలో ఎవరిదా గొంతు?" అంది అద్దాలమ్మ.

"పిచ్చుకది. నీదే."

"నీకు తెలుసా?"

"ఎప్పట్నుంచో. స్టీరియో రికార్డు నా దగ్గరే ఉంది కదా. నాకీ పాటంటే అదే. మోనోలో ఏదో వెలితిగా ఉంటుంది."

"మరి నాకు ఒక్కసారైనా చెప్పలేదేం దరువూ?" ఆమె గొంతు తనకు తెలియకుండానే పైకి లేచింది. "పెళ్లిళ్లలో కలిశాం, చావుల్లో కలిశాం. నీ కళ్లజోడు నేనే చేశాను!"

దరువు నిజంగానే తెల్లబోయాడు. "నీకు తెలుసనుకున్నా. ఎవరి గొంతు వాళ్లకి తెలియకుండా ఉంటుందా? నువ్వెప్పుడూ దాని ఊసెత్తకపోతే, నీకు నచ్చలేదేమో, ఎత్తితే బాగోదేమోనని..."

నచ్చక మాట్లాడలేదనుకున్నాడట! లేనిదాని గురించి ఏం మాట్లాడాలని ఆమె ఊరుకుంది. ఉన్నదాని గురించి ఎందుకులే అని అతనూరుకున్నాడు. ఎవరిని తిట్టాలి ఇందులో?

"మాట తప్పు పాడింది కదా, అందుకే మోనోలో తీసేశాం" అన్నాడు అన్నయ్య, రెండు నెలల మౌనం వదిలి.

"మాటా గీటా కాదు. చప్పట్ల వల్ల" అన్నాడు దరువు.

"ఏ చప్పట్లు?"

అప్పుడు దరువు చెప్పిన సంగతి ఇది. ఆ స్టూడియోలో టేపు మీద నాలుగే వరసలు. ఒకదానిలో డ్రమ్ములు, ఒకదానిలో గిటార్లూ కీబోర్డూ, ఒకదానిలో అన్నయ్య. మిగిలిన నాలుగోదానిలో పిచ్చుక పాటా, అందరూ కలిసి కొట్టిన చప్పట్లూ కలిపి ఎక్కించారు. చప్పట్లు తాళానికి వెనకబడ్డాయి. తన డ్రమ్ముల పక్కన అవి వినలేక ఆ వరస మొత్తం తగ్గించెయ్యమని పట్టుబట్టింది తనే. అందులో గొంతు కూడా ఉందన్న ధ్యాస అప్పుడెవరికీ లేదు. సాయంత్రం స్టీరియో చేసినాయన ఈ గొడవ తెలియక నాలుగు వరసలూ వినపడేలా పెట్టేశాడు.

ముగ్గురూ మళ్లీ విన్నారు. నిజమే, సన్నటి గొంతు వెనకాల చప్పట్లున్నాయి. నిద్రలోంచి లేచి కొట్టినట్టు ఒక అర క్షణం ఆలస్యంగా పడుతున్నాయి.

"ఎవరు కొట్టారు అలా?" అంది అద్దాలమ్మ.

"ఇంకెవరు, మీ అన్నయ్య!"

"నేను సరిగ్గానే కొట్టాను. నువ్వే ముందుకు పరిగెత్తావు!" అన్నాడు అన్నయ్య. కాసేపటికి ఇద్దరూ బల్ల మీద చేతులతో వాయించి చూపించుకుంటూ, ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చుకునే పనిలో పడ్డారు. టీ తాగుతావా అని ఒకడు అడగడమూ, పంచదార వద్దని రెండోవాడు అనడమూ ఆ గొడవలోనే జరిగిపోయాయి.

ఆమె మాత్రం అక్కడే కూర్చుని ఉంది. అమ్మ శ్రుతి అంది. అన్నయ్య మాట అంటున్నాడు. దరువు చప్పట్లంటున్నాడు. ఇన్నేళ్లూ ఆమెను నోరెత్తనివ్వని కారణం అసలు ఆమె గురించే కాదు.

"సరే పిచ్చుకా, ఇక తేలిపోయినట్టేగా. స్టీరియో వేసేద్దాం" అన్నాడు అన్నయ్య.

"మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదే" అన్నాడు దరువు.

"వద్దు. మోనోనే వెయ్యండి" అంది అద్దాలమ్మ.

ఇద్దరూ ఒక్కసారే ఆమె వైపు తిరిగారు.

"జనానికి తెలిసిన పాట అదే. స్టీరియోలో నేను పాడింది తప్పు మాట. కుర్రాడు రానంటుంటే వెనకనుంచి వస్తానంటే ఎలా? పైగా ఇప్పుడు నేను మధ్యలో లేను. నా మాట చెల్లదు."

"చెల్లుతుంది. నువ్వేదంటే అదే అన్నాం" అన్నాడు దరువు మొండిగా.

"అంటున్నాగా మోనో అని!"

"అదొక్కటి తప్ప ఏదైనా చెప్పు" అన్నాడు అన్నయ్య.

వారం గడువు అడిగి ఇంటికొచ్చేసింది. ఆ వారం ఆమె పడిన అవస్థ అంతా ఇంతా కాదు. పొద్దున మోనో అనుకునేది, మధ్యాహ్నానికి స్టీరియో అనుకునేది. మోనో వింటే అన్నయ్య కోపం నిప్పులా తగిలేది, ఇదే పాట అనిపించేది. స్టీరియో వింటే ఆ కోపానికి ఎవరో బదులిస్తున్నారు, ఇదీ పాటే అనిపించేది. ఆఖరికి షాపుకొచ్చినవాళ్ల మీద పడింది. కళ్ల పరీక్ష అయ్యాక, "ఒక్క నిమిషం, ఇంకోటి కూడా చెప్పండి" అని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, "ఇది బాగుందా, ఇదా?" అనేది. ఒకాయన మొదటిదన్నాడు. ఒకమ్మాయి రెండోదంది. ఒకాయన రెండూ ఒకటేనన్నాడు. ఇంకొకాయన దీనికి కూడా చీటీ రాస్తారా అని అడిగాడు.

దగ్గరచూపు కళ్లజోడు కోసం వచ్చిన ముసలావిడ ఒకత్తె మాత్రం రెండూ ఓపిగ్గా వింది. మోనో అయ్యాక, "ఈ కుర్రాడికి ఒక్కటి తగిలించాలి, ఎంత పొగరు!" అంది. స్టీరియో అయ్యాక, "పాపం, వీడు బయట తడుస్తుంటే లోపల ఎవరో వీడి మాటలు నేర్చుకున్నట్టున్నారు" అంది. అలా ఎందుకందో ఆవిడ వివరించలేదు. అద్దాలమ్మకు పూర్తిగా అర్థమూ కాలేదు. కానీ ఆ సాయంత్రం కంపెనీకి ఫోను చేసి, స్టీరియో అని చెప్పేసింది. ఎందుకు అని అడిగితే ఆమె దగ్గర కారణం లేదు. నాకది కావాలి, అంతే. తనకు కావాలని ఒక వస్తువును ఎంచుకోవడం ఇంత తేలికా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"మంచిదండీ. అట్ట మీద ఆ రెండో గొంతుకి ఎవరి పేరు వెయ్యమంటారు?" అన్నాడు కంపెనీ మనిషి.

ఆమె తన పూర్తి పేరు చెప్పింది. అతను అక్షరం అక్షరం తిరిగి చదివి సరేనా అన్నాడు. సరే అంది. ఫోను పెట్టేసింది. అది నిజంగా తన గొంతేనా అని మళ్లీ అనుమానమొచ్చింది. మళ్లీ వింది. అవును. కాసేపటికి, ఏమో.

ఈలోగా అన్నయ్య కూడా కంపెనీకి ఫోను చేశాడని తర్వాత తెలిసింది. కుడి ఎడమలు మార్చి అచ్చు వెయ్యడం కుదురుతుందా అని అడిగాడట. "స్పీకర్లే మార్చి పెట్టుకోవచ్చు కదండీ" అన్నాడట అవతలివాడు, ఏమీ అర్థంకాక. ఆ వారమే అన్నయ్య చెవి పరీక్షకు వెళ్లాడు. మిషను పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాడు. టీవీ సౌండు తగ్గింది. పెత్తనం తగ్గలేదు.

రికార్డు విడుదల రోజున పాటల షాపులో ఒక చిన్న పార్టీ పెట్టారు. ఓ పాతికమంది వచ్చారు, సగానికి పైగా నెత్తి నెరిసినవాళ్లే. షాపు పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. రెండు స్పీకర్లనూ ఆ చివరొకటి, ఈ చివరొకటి పెట్టారు. పాట మొదలవగానే ఎడమ చివర ఉన్నవాళ్లు దరువు డ్రమ్ములకు తలలూపారు. కుడి చివర ఉన్నవాళ్లు అన్నయ్యతో కలిసి గొంతెత్తారు. రెండో చరణం దగ్గర కుడివైపు పాడుతున్న వాళ్లు తడబడ్డారు. సగం మంది ఆగిపోయారు. ఎవరో అటూ ఇటూ చూశారు. ఎడమవైపు వాళ్లకు మాత్రం ఏం జరిగిందో తెలియక, ఎందుకాగారంటూ కేకలేశారు.

అద్దాలమ్మ భర్త ఈసారి సరైన వైపే నిలబడ్డాడు. పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచి, "అది మా ఆవిడ" అన్నాడు. ఆ మనిషి నమ్మలేదు.

అన్నయ్యా దరువూ కౌంటరు దగ్గర అట్టల మీద సంతకాలు పెడుతూ, ఎవరి సంతకం పైనుండాలని వాదించుకుంటున్నారు. ఆమె ఓ పక్కన అరలను ఆనుకుని నిలబడింది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తేలక, రెండింటికీ పనికొచ్చేలా చేతిరుమాలు పట్టుకుని ఉంది. జీన్సు చొక్కా వేసుకున్న పెద్దాయనొకాయన చేతిలో రికార్డుతో ఆమె దగ్గరికొచ్చాడు. అట్ట మీద పేరు చూసి అడిగితే ఎవరో ఆమెను చూపించినట్టున్నారు.

"నేనీ పాట కుర్రతనం నుంచీ వింటున్నానండీ. మా నాన్నతో పోట్లాడి ఇల్లు వదిలేశాక రోజూ విన్నాను" అన్నాడాయన. "ఇందులో వాడు రాడు. ఎప్పటికీ రాడు. ఇవాళ చూస్తే ఎవరో వస్తానంటున్నారు. ఎవరు? వాడే లోలోపల అనుకుంటున్నాడా? లేక లోపలున్న పిల్ల తనే బయటికి వస్తానంటోందా? చివరికి ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లినట్టండీ?"

ఆయన వేళాకోళానికి అడగలేదు. జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

టిఫిన్ దగ్గర మారిన ముక్క ఒకటి తనకు ఎవరూ చెప్పలేదని, అంతకుమించి ఇందులో ఏమీ లేదని చెప్పేద్దామనుకుంది అద్దాలమ్మ. నోటిదాకా వచ్చింది. కానీ అది కూడా పూర్తి నిజంలా అనిపించలేదు.

"నాకూ తెలియదండీ" అంది. "ఇంకోసారి విందామా?"

ఆయన కౌంటరు వైపు చెయ్యెత్తి సైగ చేశాడు. అక్కడెవరో రికార్డు మీద ముల్లును మళ్లీ మొదట్లో పెట్టారు.